ముహూర్తం మార్చి 31

మా ఆఫీసులో జనవరి వచ్చిందంటే నా టేబుల్ దగ్గర రద్దీ మొదలవుతుంది. పెట్టుబడుల రుజువులు ఇమ్మని హెచ్‌ఆర్ వాళ్ళు మెయిల్ పెడతారు, ఇవ్వకపోతే ఫిబ్రవరి, మార్చి జీతాలకి కత్తెర వేస్తారు, కుర్రాళ్ళు మొహాలు వేలాడేసుకుని నా దగ్గరికొస్తారు. బాలానగర్‌లో ఇరవై రెండేళ్లుగా అకౌంట్స్ చూస్తున్నవాణ్ణి. పైగా సొంతంగా ఫ్లాటు కొన్నవాణ్ణి. వచ్చినవాళ్లందరికీ ఒకటే మాట చెబుతాను: ఇల్లు కొనెయ్. ఉండటానికైతే అద్దిల్లు చాలదూ? ఇల్లు కొనేది పన్ను మిగుల్చుకోవడానికి.

చెప్పి చెప్పి గొంతు పోతోంది. అందుకని ఈసారి కాగితం మీద పెడుతున్నాను.

ముందు లెక్క చూడండి. యాభై లక్షల అప్పు, ఎనిమిదిన్నర శాతం వడ్డీ, ఇరవై ఏళ్ల గడువు. నెలకి 43,391 రూపాయల ఈఎంఐ. మొదటి ఏడాది మీరు కట్టే 5.20 లక్షల్లో వడ్డీయే దాదాపు 4.21 లక్షలు. సొంతంగా ఉంటున్న ఇంటికైతే పాత పన్ను విధానంలో ఏడాదికి రెండు లక్షల దాకా వడ్డీని ఆదాయంలోంచి తీసేస్తారు. 30 శాతం శ్లాబులో ఉన్నవాడికి సెస్సుతో కలిపి 62,400 మిగులు. చూశారా! వడ్డీ పోతే పోయింది, ఊరికే కూర్చున్నవాడికి 62,400 ఎవడిస్తాడు? ఈ లెక్క వినిపిస్తే మా ఆవిడ ఉల్లిపాయలు తరుగుతూ తలెత్తకుండానే, "అంటే వంద పారేసుకుంటే పదిహేను దొరుకుతున్నాయన్నమాట" అంది. ఆవిడ ఇంటర్‌లో బైపీసీ.

కొందరు అమాయకులు నాకు అసలు పన్నే పడట్లేదు కదండీ అంటారు. వీళ్ళని జాగ్రత్తగా దారిలో పెట్టాలి. పోయినేడు మా కొనుగోళ్ల విభాగంలో చేరిన కుర్రాడి జీతం పన్నెండున్నర లక్షలు. కొత్త పన్ను విధానంలో 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోతే 11.75 లక్షలు. 2025 బడ్జెట్ పుణ్యమా అని పన్నెండు లక్షల దాకా రిబేటుంది కాబట్టి వాడు కట్టాల్సిన పన్ను సున్నా. కొత్త విధానంలో సొంతింటి వడ్డీ మినహాయింపూ లేదు, పీఎఫ్, ఎల్‌ఐసీలకిచ్చే 80సి కూడా లేదు. "మరి నేను దేనిలోంచి మిగల్చాలి సార్?" అన్నాడు.

అదేరా నీ లోపం అన్నాను. మిగుల్చుకోవాలంటే ముందు పన్నంటూ ఉండాలి కదా! పాత విధానంలోకి రా. అక్కడ 50 వేల స్టాండర్డ్ డిడక్షన్, లక్షన్నర పీఎఫ్ వగైరా తీసేస్తే నీ ఆదాయం 10.50 లక్షలు, పన్ను సెస్సుతో కలిపి 1,32,600. ఇప్పుడు ఇల్లు కొను. వడ్డీ రెండు లక్షలు తీసెయ్. పన్ను 85,800కి దిగిపోతుంది. అంటే 46,800 ఆదా! వాడు ఆ కాగితం వంక చాలాసేపు చూశాడు. "సార్, ఇప్పుడు నేను కట్టేది సున్నా. మీరు చెప్పినట్టు చేస్తే 85,800 కట్టాలి. ఈఎంఐ వేరే." ఈ తరంతో వచ్చిన చిక్కే ఇది. పెద్ద ఎత్తున ఆలోచించరు.

అసలుకీ మినహాయింపు ఉందని మర్చిపోకండి. ఏడాదికి లక్షన్నర, 80సి కింద. రిజిస్ట్రేషన్ నాడు కట్టిన స్టాంపు డ్యూటీ కూడా, కట్టిన ఏడాదిలోనే, అందులోనే చూపించుకోవచ్చు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి ఏడున్నర శాతం. 2021 జూలై దాకా ఆరే ఉండేది. అరవై లక్షల ఇంటికి నాలుగున్నర లక్షలు. ఆ లక్షన్నర గదిలో మీ పీఎఫ్, ఎల్‌ఐసీ, పిల్లల స్కూల్ ఫీజు ఎప్పుడో చాపలు పరుచుకుని పడుకున్నాయనుకోండి. అయినా పిలవండి. బయట వసారాలో నిలబడతాయి. (2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో ఈ 80సి కాస్తా సెక్షన్ 123 అయింది. నేను మాత్రం 80సి అనే అంటాను. మచిలీపట్నం అని బోర్డు రాశారని మేం బందరు అనడం మానేశామా?)

ఇక ఎప్పుడు కొనాలన్నది అసలు విషయం. మార్చి 31 లోపు కొనాలి. ఏం కొంటున్నామన్నది తర్వాత. మార్చి నెలలో బిల్డరు ఆఫీసులో ఏసీ చల్లగా ఉంటుంది, కాఫీ ఇస్తారు, "ఈ ఏడాది ట్యాక్స్‌లోకి వచ్చేస్తుంది సార్" అంటారు. ఆ మాట చాలు. రెరా నంబరు ఉందా, ఈసీ తీశారా, లింకు డాక్యుమెంట్లు సరిగా ఉన్నాయా, సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందా, చెరువు ఎఫ్‌టీఎల్ ఎంత దూరం అని అడిగేవాళ్ళు ఏప్రిల్ దాకా అడుగుతూనే ఉంటారు. ఆర్థిక సంవత్సరం ఎవరి కోసమూ ఆగదు.

నా సంగతే తీసుకోండి. నిజాంపేట దాటాక, అప్పటికి రోడ్డు కూడా సరిగా లేని చోట, కడుతున్న అపార్టుమెంటులో ఫ్లాటు. 62 లక్షలు. 2019 ఫిబ్రవరిలో, మాఘమాసం, మంచి రోజు చూసుకుని అగ్రిమెంటు రాయించుకున్నాను. యాభై లక్షలు బ్యాంకు అప్పు. ముందుగా ఇచ్చిన పన్నెండు లక్షల మీద అప్పటి రేటు ప్రకారం 12 శాతం జీఎస్టీ, 1.44 లక్షలు, దర్జాగా కట్టాను. అదే ఫిబ్రవరి 24న జీఎస్టీ కౌన్సిల్ కూర్చుని, ఏప్రిల్ 1 నుంచి కడుతున్న ఇళ్ల మీద 5 శాతం చాలని నిర్ణయించింది. నివాస అనుమతి పత్రం (ఓసీ) వచ్చిన పూర్తయిన ఇల్లు కొంటే ఆ 5 కూడా లేదట. ఆ మాట నాకు అప్పుడు ఎవరో చెప్పారు. చెప్పినాయన ముసలివాడైపోయేదాకా అద్దింట్లోనే ఉన్నాడు కాబట్టి పట్టించుకోలేదు.

మార్చిలో శాంక్షన్ లెటర్ జిరాక్సు పట్టుకుని హెచ్‌ఆర్‌కి వెళ్ళాను. "ఇల్లు పూర్తయ్యాకే మినహాయింపు సార్" అన్నారు. కట్టేకాలంలో కట్టిన వడ్డీని దాచిపెట్టుకుని, పూర్తయిన ఏడాది నుంచి ఐదు సమాన వాయిదాల్లో చూపించుకోవాలట. మంచిదే, ఇదీ ఒక పొదుపే అనుకున్నాను. 2021 డిసెంబరుకి ఇస్తామన్న బిల్డరు కరోనా అన్నాడు, ఇసుక అన్నాడు, లిఫ్టు కంపెనీ అన్నాడు. ప్రతి ఆదివారం స్కూటర్ మీద వెళ్ళి చూసొచ్చేవాణ్ణి. మూడో అంతస్తులో మా వంటిల్లు అనుకున్న చోట ఒక కూలీ కుటుంబం ఇటుకలు పేర్చి అన్నం వండుకునేది. మా వంటింట్లో మొదటి పొయ్యి వెలిగించింది వాళ్ళే. నెలనెలా ఇటు అద్దె, అటు ఈఎంఐ. ఓసీ 2024 జూలైలో వచ్చింది.

ఇక్కడ చట్టంలో చిన్న మడత ఉంది. అప్పు తీసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిశాక ఐదేళ్లలోపు ఇల్లు పూర్తి కావాలి. నాది 2018-19. కాబట్టి 2024 మార్చి 31 గడువు. నాలుగు నెలలు దాటింది. దాటితే మినహాయింపు రెండు లక్షలు కాదు, ముప్పై వేలు. ఐదేళ్లుగా కట్టిన వడ్డీ సుమారు పద్దెనిమిది లక్షల్లో ఐదో వంతు, ఆ ఏడాది వడ్డీ, మొత్తం మూటకట్టి ఆ ముప్పై వేల సంచిలో దూర్చాలి. 2019 ఫిబ్రవరిలో కాకుండా ఏప్రిల్లో అప్పు తీసుకుని ఉంటే గడువు ఇంకో ఏడాది ఉండేది, రెండు లక్షలూ వచ్చేవి, జీఎస్టీ కూడా తగ్గేది. కానీ మార్చి పోయేది కదా.

పైగా జూలైలో ఆషాఢం. తాళాలు చేతికొచ్చినా పాలు పొంగించడానికి లేదు. ఇంకో నెల అద్దె కట్టి శ్రావణంలో గృహప్రవేశం చేశాం. ఆవు లిఫ్టు ఎక్కనంది. మూడంతస్తులు మెట్ల మీద ఎక్కించాం. దిగనంది. ఆ కథ వేరే.

తిథి, వార, నక్షత్రాలతో పాటు పన్ను తేదీలు కూడా చూడమనే పెద్దమనుషులుంటారు. రెండూ చూడకండి, తికమక. పంచాంగం ఒక్కటే చూడండి. మా పెద్దక్క 2022 నవంబరులో బెజవాడ సత్యనారాయణపురంలో పాత ఇల్లు అమ్మింది. అమ్మిన ఇంటి లాభంతో రెండేళ్లలో మరో ఇల్లు కొంటే ఆ లాభం మీద పన్నుండదు. అప్పటిదాకా ఆ డబ్బుని రిటర్ను గడువు లోపల బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేసి ఉంచాలి. గడువు 2023 జూలై 31. "ఒరే తమ్ముడూ, బ్యాంకు వాళ్ళు రమ్మంటున్నారు, వెళ్ళనా?" అని ఫోన్ చేసింది. క్యాలెండర్ చూశాను. అధిక శ్రావణం. అధికమాసంలో కొత్త ఖాతా ఏమిటక్కా, నిజ శ్రావణం రానీ అన్నాను. మరుసటి ఏడాది మంచి ఇల్లు కుదిరేసరికి వేసవిలో మూఢం వచ్చింది. మూఢం వదిలితే ఆషాఢం. ఆ తర్వాత భాద్రపదంలో పితృపక్షాలు. దసరా వెళ్ళాక ఇంటాయన కూతురి పెళ్లని మార్గశిరం దాకా ఆగమన్నాడు. డిసెంబరులో రిజిస్ట్రేషన్ అయింది. పన్ను ఇరవై శాతం, దాని మీద వడ్డీ, అన్నీ కట్టింది. కానీ ముహూర్తం ఉందే, సింహలగ్నం, పదింట గురుడు, సిద్ధాంతిగారే మురిసిపోయారు. అక్క ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడదు. సింహలగ్నంతో మాత్రం ఆమెకేమీ గొడవ లేదు.

వైట్ ఎంత, బ్లాక్ ఎంత అన్నది ఇంకో విద్య. మా బావమరిది ఎనభై లక్షల ఫ్లాటుని ప్రభుత్వ విలువ చూసి యాభైకి రాయించుకున్నాడు. ముప్పై లక్షలు నగదు, బిగ్ షాపర్ సంచీలో, పైన కొత్తిమీర కట్టతో. స్టాంపు ఖర్చు 2.25 లక్షలు మిగిల్చానని గృహప్రవేశం రోజు ప్రతి వరసకీ వచ్చి చెప్పాడు. బ్యాంకు యాభై లక్షల మీదే అప్పిచ్చింది కాబట్టి సంచీలోకి వాళ్ళావిడ గాజులు కూడా వెళ్ళాయి. స్థిరాస్తి అమ్మకంలో ఇరవై వేలు, అంతకు మించి నగదు తీసుకుంటే తీసుకున్నంతా జరిమానాగా పడొచ్చు. అది అమ్మినవాడి తలనొప్పి, వదిలేయండి. రేపు వీడు దాన్ని కోటి పదికి అమ్మితే కాగితం మీద లాభం ముప్పై లక్షలు కాదు, అరవై. అదనంగా చూపిన ముప్పై మీద 12.5 శాతం అంటే 3.75 లక్షలు. ఈ 3.75 నుంచి ఆ 2.25 తీసేస్తే ఎంత మిగిలిందో వాడికి ఇంకా చెప్పలేదు. సంక్రాంతికి వస్తాడు, అప్పుడు చూద్దాం.

టీడీఎస్ గురించి ఒక్క ముక్క. యాభై లక్షలు, ఆపైన ధర ఉంటే కొన్నవాడే ఒక శాతం కోసి ప్రభుత్వానికి కట్టాలి. భార్యాభర్తలు చెరో సగం కొంటే ఎవరిదీ యాభై దాటదు కదా అని నేను చాలామందికి చెప్పాను. 2024 అక్టోబరు 1 నుంచి అందరి వాటా కలిపే చూస్తారని తేలింది. అంతకు ముందు చెప్పిన సలహాలకి నా బాధ్యత లేదు, తర్వాత చెప్పినవాటికి అసలే లేదు. అమ్మేది డాలస్‌లో ఉన్న పెదనాన్న కొడుకైతే ఒక శాతం సరిపోదు, ఎన్నారైకి వేరే నిబంధన, చాలా ఎక్కువ కోయాలి. అయినా సొంత అన్నయ్య దగ్గర కోస్తామా? ఒక శాతమే కోయండి. నోటీసు వచ్చేది మీకే కాబట్టి ఆయన మనసు నొచ్చుకోదు.

నాది ముప్పై వేల మినహాయింపేనని తెలిశాక హెచ్‌ఆర్ అమ్మాయి లెక్కవేసి నన్ను కొత్త విధానంలో పెట్టింది. అక్కడ ఆ ముప్పై వేలూ లేవు. అయినా ఏటా బ్యాంకుకి వెళ్ళి వడ్డీ సర్టిఫికెట్ తెచ్చి ఆమెకి ఇస్తాను. "ఇది అక్కర్లేదు సార్" అంటుంది. ఫైల్లో ఉంచమ్మా అంటాను.

మొన్న క్యాంటీన్లో కొనుగోళ్ల విభాగం కుర్రాడు కనిపించాడు. ఇల్లు చూస్తున్నావా అన్నాను. చూశాను సార్, మియాపూర్ మెట్రోకి నడిచి వెళ్ళే దూరంలో అద్దెకి దొరికింది, పద్దెనిమిది వేలు అన్నాడు. ఈ ఏడాది పన్నెంత కట్టావన్నాను.

"సున్నా సార్."

పాపం అనిపించింది. వాడి టీ డబ్బులు నేనే ఇచ్చాను.