కారణం వెతికే ఓపిక ఏదీ?

మా రోజుల్లో కంప్యూటరు మొరాయిస్తే స్క్రూడ్రైవర్ తీసి క్యాబినెట్ విప్పేవాళ్లం. ఇప్పటి పిల్లలు ఆపి మళ్లీ ఆన్ చేస్తారు. అయినా దారికి రాకపోతే "పాతబడింది, కొత్తది కొందాం" అంటారు. వీధికి పదిమంది ఇంజనీర్లున్న బెంగళూరులో ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

1990ల చివర్లో ఇంటి కంప్యూటరంటే బెంగళూరు ఎస్పీ రోడ్డు కొట్లే. ఒక కొట్లో మదర్‌బోర్డు, పక్క కొట్లో సౌండ్ కార్డు, ఇంకోచోట నెట్‌వర్క్ కార్డు బేరమాడి తెచ్చుకునేవాళ్లం. ఆ నెట్‌వర్క్ కార్డును ఐఎస్ఏ స్లాట్లో బిగించి విండోస్ 95 తెరిస్తే, డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు ప్రత్యక్షం: రెండు పరికరాల మధ్య తగాదా అని!

దానికో లెక్క ఉంది. పరికరాలు ప్రాసెసర్‌ను పిలవడానికి పీసీలో ఉన్న ఇంటరప్టులు 0 నుంచి 15 వరకు, మొత్తం 16. టైమర్‌కు 0, కీబోర్డుకు 1, హార్డ్ డిస్కుకు 14. మోడెమ్ తగిలించే రెండో సీరియల్ పోర్టుది 3. ఎన్ఈ2000 రకం నెట్‌వర్క్ కార్డు చాలాసార్లు ఆ 3 మీదే కూర్చునేది. ఒకే గంటను ఇద్దరు మోగిస్తే పిలిచిందెవరో తెలియనట్టు, మోడెమ్ పలికితే నెట్‌వర్క్ మూగబోయేది. 5కు మారుద్దామంటే అక్కడ సౌండ్ బ్లాస్టర్ కార్డు. కార్డు మీది జంపర్ మార్చి 10కి తెస్తే అప్పటికి శాంతి. అంతుచిక్కకపోతే కార్డులన్నీ పీకేసి, ఒక్కొక్కటే పెట్టి చూసేవాళ్లం. ఏ కార్డుకు ఏ నంబరో కాగితం మీద రాసి మూత లోపల అంటించేవాళ్లం.

ఐఎస్ఏ స్థానంలో పీసీఐ స్లాట్లు స్థిరపడ్డాక కార్డులు ఇంటరప్టును పంచుకోవడం నేర్చాయి. నెట్‌వర్క్ చిప్ మదర్‌బోర్డులోనే కలిసిపోయింది. మంచిదే, ఆ జంపర్ల బాధ మళ్లీ ఎవరికీ వద్దు. బాధ తప్పింది కదా అని ఆలోచన కూడా మానేస్తే ఎలా?

తగాదాలు పోలేదు. ఇవాళ ఇంట్లో రెండు పరికరాలకు ఒకే ఐపీ అడ్రస్ పడితే నెట్ తెగుతుంది. జబ్బు అప్పటిదే, మందూ అప్పటిదే: అన్నీ తీసేసి, ఒక్కొక్కటే కలుపుతూ రావాలి. తప్పు రౌటర్‌దా, డ్రైవర్‌దా, కేబుల్‌దా అని తేల్చకుండా కొత్త ల్యాప్‌టాప్ కొంటే పోయేది డబ్బొక్కటే కాదు, తెలుసుకునే అవకాశం కూడా. పిల్లలకు కంప్యూటరు కొనిచ్చే తల్లిదండ్రులు ఆ ఒక్క పద్ధతీ నేర్పండి. కారణం వెతకడం వచ్చినవాడు ఏ యంత్రానికీ బెదరడు.