సర్వరాధీశ్వరుల వారికి ఏటూరునాగారం నుంచి

గౌరవనీయులైన సర్వరాధీశ్వరుల వారి దివ్యసముఖానికి,

విషయం: నేను కొన్న కారు రేసు ఆటను, నా గేమ్ మెషిన్‌లో, మా ఇంట్లో, నేనొక్కణ్నే ఆడుకోవడానికి తమ అనుమతి కోరుట గురించి.

ఆర్యా,

ములుగు జిల్లా ఏటూరునాగారం వాస్తవ్యుడనైన నేను తమరికి సవినయంగా విన్నవించుకొనునది ఏమనగా: తమరు క్షేమమని తలుస్తాను. తమ సర్వర్లు కూడా ఏసీ గదుల్లో, జనరేటర్ల అండన కుశలంగా ఉన్నాయని తలుస్తాను. మేమూ క్షేమమే. కాకపోతే మొన్న ఆదివారం పొద్దున వాన పట్టుకుంది. కరెంటు పోయింది, దాని వెనకే సెల్ టవరూ పోయింది. ఇందులో తమ తప్పేమీ లేదు. ఒకపక్క గోదావరి, మిగతా మూడు పక్కలా అడవి ఉన్న ఊళ్లో వానాకాలం ఇట్లాగే ఉంటుంది. సరిగ్గా ఇలాంటి రోజు కోసమే కదా చేతిలో పట్టే గేమ్ మెషిన్ కొన్నది! టీవీ అక్కర్లేదు, ప్లగ్గు అక్కర్లేదు. బ్యాటరీ నిండా ఉంది, ఆట కార్డు లోపలే ఉంది. ఛాంపియన్‌షిప్‌లో మిగిలిన రేసు పూర్తి చేద్దామని బటన్ నొక్కాను.

తమరు తెర మీద ప్రత్యక్షమయ్యారు. "లైసెన్సును సరిచూడటం సాధ్యం కాలేదు. ఇంటర్నెట్‌కు కనెక్ట్ అయి మళ్లీ ప్రయత్నించండి."

ఏం లైసెన్సు సార్? ఎవరిది లైసెన్సు? కార్డు నా మెషిన్‌లో ఉంది, పైసలు మీ ఖాతాలో ఉన్నయి. ఇంకా ఏం సరిచూస్తరు? నాతో పోటీ పడే కార్లను నడిపేది మనుషులు కాదు, నా చేతిలో ఉన్న చిప్పు. రోడ్డు గీసేది అదే. మలుపులో టైరు జారిందా, నిలబడిందా అని లెక్క కట్టేది అదే. వానలో అద్దం మీద నీళ్లు జార్చేది కూడా అదే. మీ సర్వర్ ఈ రేసులో చేసే పని ఒక్కటి చెప్పండి, నేను నోరు మూసుకుంటా. అది తలుపు దగ్గర నిలబడే పని తప్ప ఇంకోటి చేయడం లేదు.

మా రేషన్ షాపులో వేలిముద్ర పడకపోతే బియ్యం ఇవ్వరు. సిగ్నల్ లేకపోతే మిషన్ పట్టుకుని చెట్టు కిందికి పోయి నిలబడతారు. కానీ అక్కడ బియ్యం సర్కారువి. ఇక్కడ బియ్యం నావి, బస్తా నాది, పైగా వండుకుని కంచంలో పెట్టుకున్నాక వచ్చి వేలిముద్ర అడుగుతున్నది మీరు.

దొంగ కాపీలు ఆపడానికి ఇదంతా అంటారు. సంతోషం. మరి దొంగ కాపీ తెచ్చుకున్నవాడి సంగతి కనుక్కున్నారా? వాడి కాపీలో మీ తాళం తీసేసి ఉంటది. వానొచ్చినా, కరెంటు పోయినా వాడు ఆడుతూనే ఉంటడు. మీ తలుపు దగ్గర ఆగిపోయేది రసీదు ఉన్నవాడు ఒక్కడే. నిజాయితీకి ఇంత శిక్ష ఏ చట్టంలోనూ ఉండదు సార్.

క్షమించాలి, విన్నపం కదా, వినయంగా రాయాలి.

ఆర్యా, మా దారి సంగతి తమకు తెలియదు గనక మనవి చేస్తున్నాను. హన్మకొండలో బస్సెక్కితే ములుగు, గోవిందరావుపేట, పస్రా దాకా నెట్ ఏదో ఒక రకంగా వస్తుంది. తాడ్వాయి దాటాక అభయారణ్యం. అక్కడ సిగ్నల్ గీతలు ఒక్కొక్కటిగా రాలిపోతాయి. చేతి మెషిన్ మీద ఆడుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు. అందులోనూ రేసు ఆటకు. మిగతా ఆటలకు కథ గుర్తుంచుకోవాలి, ఎవరు ఎవరిని ఎందుకు చంపారో తెలియాలి. రేసుకు ఆ బాధ లేదు. రెండు చుట్లు తిరిగితే ఒక రేసు అయిపోతుంది, బస్సు టీ కోసం ఆగితే పాజ్ నొక్కొచ్చు, దిగేటప్పుడు మూసేయొచ్చు. చేతి మెషిన్లు పుట్టినప్పటి నుంచి రేసులు వాటి వెంట ఉన్నది అందుకే. 2004 డిసెంబరులో సోనీ వాళ్లు జపాన్‌లో పీఎస్‌పీని దుకాణాల్లో పెట్టిన రోజే రిడ్జ్ రేసర్స్ ఆట కూడా దుకాణాల్లో ఉంది. ఆ చిన్న డిస్కులను ఇవాళ పీఎస్‌పీలో పెట్టినా ఆడతాయి. సోనీ వాళ్లను ఫోన్ చేసి అడగవు.

అంత దూరం ఎందుకు? మా తరానికి మొదటి రేసు ఆట బ్రిక్ గేమ్‌లో దొరికింది. జాతరలో దుకాణాల వాళ్లు బొమ్మ తుపాకుల పక్కన పెట్టి అమ్మేవాళ్లు. పైన 9999 ఆటలని రాసి ఉండేది, లోపల నాలుగైదే ఉండేవి. ఆ అబద్ధం కూడా, కొనండి అని అమ్మి ఆనక లైసెన్సు అడిగే మీ అబద్ధం కంటే మర్యాదగా ఉండేది. నల్ల గడులతో చేసిన కారు, ఎదురొచ్చే కార్లను కుడికీ ఎడమకీ తప్పించాలి, లెవెల్ పెరిగే కొద్దీ వేగం పెరుగుతుంది. రెండు పెన్సిల్ సెల్లులు వేస్తే చాలు. సెల్లులు అయిపోతే వాటిని ఎండలో పెట్టి మళ్లీ వేసేవాళ్లం. లైసెన్సు అడిగినవాడు లేడు. మేడారం జాతరకు కోటి మంది వచ్చి, ఫోన్లన్నీ మూగబోయిన చోట కూడా ఆ బొమ్మ పలికేది. మీ ఆటను అదే జాతర గద్దెల దగ్గరికి తీసుకెళ్తే పలకదు.

ఇంకో లెక్క చూడండి. 2005లో నింటెండో వాళ్ల మారియో కార్ట్ డీఎస్ వచ్చింది. ఒక్కరి దగ్గర కార్డు ఉంటే చాలు, దగ్గర్లో ఉన్న మరో ఏడు మెషిన్లకు ఆట గాల్లోనే చేరేది. కార్డు లేనివాళ్లకు ముసుగు బొమ్మ ఒక్కటే ఇచ్చేవాళ్లు, ట్రాకులు కూడా తక్కువే. అయినా సరే, ఒక కార్డు మీద ఎనిమిది మంది ఆడారు, నెట్ లేకుండా. అప్పుడు ఒక కార్డు మీద ఎనిమిది మంది. ఇప్పుడు ఒక కార్డు మీద, అది కొన్న ఒక్కడు కూడా ఆడలేడు. దీన్ని మీరు ముందడుగు అంటున్నారు.

కరెంటు పోని దేశాల్లో ఇబ్బంది లేదనుకుంటారేమో. గ్రాన్ టురిస్మో 7 అనే రేసు ఆట సంగతి గుర్తుచేస్తాను. 2022 మార్చిలో ఒక అప్‌డేట్ తేడా కొట్టి సర్వర్లు 30 గంటలకు పైగా పడుకున్నాయి. ఒంటరిగా ఆడుకునేవాళ్ల ఆట కూడా వాటితోపాటే పడుకుంది. అక్కడ వాన లేదు, అడవి లేదు, గోదావరి లేదు.

మాకు అవన్నీ ఉన్నాయి. 2022 జూలైలో గోదావరి ఎట్లా వచ్చిందో మా ఊళ్లో ఎవరినైనా అడగండి. 2024 ఆగస్టు 31న మా తాడ్వాయి అడవిలో ఒక్క గాలివానకు వేలాది చెట్లు కూలాయి. అన్ని చెట్లు నిలవని చోట మీ తీగ ఒక్కటి ఎప్పుడూ నిలబడే ఉంటుందన్న నమ్మకంతో ఆట తయారు చేసిన మహానుభావుణ్ని ఒక్కసారి చూడాలని ఉంది. వానాకాలంలో రమ్మనండి.

మొన్నటి ఆదివారం సంగతి వదిలేద్దాం. టవర్ మళ్లీ వచ్చింది, ఆట మళ్లీ తెరుచుకుంది. నా భయం అది కాదు. మీ సర్వర్లు మీరే తీసేసే రోజు ఒకటి వస్తుంది కదా, దాని గురించి.

ది క్రూ అని యూబీసాఫ్ట్ వాళ్ల కారు రేసు ఆట. 2014లో వచ్చింది. అమెరికా మొత్తాన్ని కుదించి రోడ్లేసి పెట్టారు, ఒక సముద్రం ఒడ్డు నుంచి ఇంకో సముద్రం ఒడ్డు దాకా నడుపుకుంటూ పోవచ్చు. 2024 మార్చి 31న సర్వర్ ఆపేశారు. ఒంటరిగా ఆడుకునేవాళ్లకు కూడా ఆట పోయింది. డిస్కు కొన్నవాళ్ల దగ్గర డిస్కు మిగిలింది, దాంతో ముఖం చూసుకోవచ్చు. ఆ కోపంలోనే రాస్ స్కాట్ అనే ఆయన ఆటల్ని చంపకండని ఉద్యమం మొదలుపెడితే, యూరప్‌లో 2025 జూలైకి సంతకాలు 10 లక్షలు దాటాయి. గోల పెరిగాక అదే కంపెనీ ది క్రూ 2కు నెట్ లేకుండా ఆడే పద్ధతి పెట్టింది. అంటే చేతకాక కాదు సార్. చేయాలనుకుంటే అవుతుంది.

అన్ని ఆటల్లో ముందుగా పోయేది రేసు ఆటే, ఎందుకో మీకు నాకంటే బాగా తెలుసు. రాక్షసుణ్ని మీరే గీస్తారు, కత్తిని మీరే గీస్తారు, వాటి మీద ఇంకొకరికి హక్కు లేదు. కారు అట్లా కాదు. దాని పేరు, ఆకారం, ముందున్న గుర్తు కారు కంపెనీవి. రేడియోలో పాట ఇంకొకరిది. అన్నీ గడువు పెట్టి తెచ్చుకున్నవే. ఫోర్జా హొరైజన్ 4 అనే రేసు ఆట వచ్చింది 2018లో. ఒప్పందాల గడువు తీరి 2024 డిసెంబరు 15న అమ్మకం ఆపేశారు. అంతకు ముందు భాగానికీ అదే గతి పట్టింది. కాకపోతే కొన్నవాళ్లకు ఆట మిగిల్చారు, ఆ మేరకు దండం పెట్టొచ్చు. మారియో కార్ట్ దశాబ్దాలుగా బతుకుతున్నదంటే, అందులో కార్లూ బొమ్మలూ దాదాపు అన్నీ వాళ్లవే గనక.

మీరు కార్లను గడువు పెట్టి తెచ్చుకున్నారు. సరే. ఆ గడువు నాకు చెప్పకుండా నాకెందుకు అమ్మారు? కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి, ఇచ్చేది లైసెన్సే అయినప్పుడు ఆ సంగతి దాచి కొనమని రాయకూడదని చట్టం వచ్చింది. మాకు ఆ చట్టం కూడా లేదు. మాకు మీరు చక్కగా, పెద్ద అక్షరాల్లో, కొనండి అనే రాస్తారు.

పెద్ద అక్షరాలంటే గుర్తొచ్చింది. ఆట లోపల మెనూల్లో అక్షరాలు మాత్రం చీమ తలకాయంత. ఇంజన్ ట్యూనింగ్ పేజీ చదవాలంటే మెషిన్‌ను ముక్కుకు ఆనించుకోవాలి. పెద్ద టీవీ కోసం చేసింది అట్లాగే కుదించి మా చేతిలో పెట్టారు. మెషిన్‌ను స్టీరింగులా అటూ ఇటూ తిప్పే పద్ధతి ఒకటి పెట్టారు. మా బస్సు మలుపు తిరిగితే నా కారు కూడా తిరిగి గోడకు గుద్దుకుంటుంది. ఎడమ చేతి స్టిక్ ముట్టకుండానే కారును పక్కకు లాగుతుంది. బాగు చేసేవాడు హైదరాబాద్‌లో ఉంటాడు. 18 శాతం జీఎస్టీ కట్టి కొంటామన్నా ఈ మెషిన్‌కు డెలివరీ మా పిన్‌కోడ్‌కు లేదంటారు. అప్‌డేట్ మాత్రం మా పిన్‌కోడ్‌కు వస్తుంది, ఆటంత బరువుతో, వారం వారం. ఇన్ని దేశాల రోడ్లు గీశారు, 163 నంబరు జాతీయ రహదారి మీద మా తాడ్వాయి అడవిని గానీ, ముల్లకట్ట దగ్గర గోదావరి బ్రిడ్జిని గానీ గీయాలని ఒక్కరికీ తోచలేదు. పోనీలెండి. గీసినా సిగ్నల్ లేదని అక్కడ ఆడనియ్యరు.

ఇగ పెద్ద పెద్ద మాటలు వద్దు సార్. జర వినండి. ఉచితంగా ఏమీ అడగడం లేదు. నెట్ ఉన్నప్పుడు సరిచూసుకోండి, రోజుకు పదిసార్లు చూసుకోండి. నెట్ లేనప్పుడు మాత్రం, నిన్నటిదాకా సొంతదారుగా ఉన్నవాణ్ని ఇవాళ కూడా సొంతదారు అనుకోండి. ఆట పెట్టె మీద రెండు ముక్కలు రాయండి, ఇది ఎన్నాళ్లు నడుస్తుంది, నెట్ లేకుండా ఎంత నడుస్తుంది అని. చదువుకుని, తెలిసే కొంటాం, లేకపోతే మానుకుంటాం. సర్వర్లు తీసేసే రోజు వచ్చినప్పుడు, తీసే ముందు చివరి అప్‌డేట్ ఒకటి పంపండి. కార్ల పేర్లు పోతే పోనివ్వండి, బానెట్ మీద గుర్తులు చెరిపేయండి, పాటలన్నీ తీసేయండి. ఎర్ర కారు, నీలం కారు అని రాసినా చాలు. రోడ్డు ఉంచండి, మలుపులు ఉంచండి, మమ్మల్ని నడుపుకోనివ్వండి. మీకు పైసా ఖర్చు ఉండదని అనను, కొంత ఉంటది. మేం ముందే కట్టిన పైసల్లోంచి పెట్టుకోండి.

ఈ అర్జీని మొదట మీ ఫిర్యాదుల పేజీలోనే పెడదామనుకున్నా. నెట్ లేని కష్టం చెప్పుకోవడానికీ నెట్ కావాలట. అందుకే నలుగురూ చదివేట్టు ఇక్కడ రాస్తున్నా. మీ పేరు రాయలేదు. చదివే ఆటగాళ్లకు చెప్పక్కర్లేదు, వాళ్లలో సగం మంది తెర మీద ఇవాళ కూడా మీరే కనిపించి ఉంటారు.

ఇట్లు,
పూర్తి ధర కట్టి, అద్దెకుంటున్న
ఏటూరునాగారం ఆటగాడు