మేడారపు పాచిక ఆత్మకథ

నేనొక పాచికను. మా వంశము మిక్కిలి ప్రాచీనమైనది. కాని ఆ ప్రాచీనతను తలచుకొని గర్వింపదగిన సత్కార్యములు మా పూర్వులు చేసినవి కావు. ఋగ్వేదము పదవ మండలమందలి అక్షసూక్తము మావారి మూలమున సర్వస్వమును గోల్పోయిన జూదరి దుఃఖమును వర్ణించి, పాచికలను విడిచి సేద్యము చేసికొనుమని అతనికి హితవు చెప్పుచున్నది. ఆనాటి పాచికలు తాండ్రకాయలు. ఆ తాండ్రచెట్టు మా గోదావరీతీరపు అడవులలో నేటికిని పెరుగుచునే యున్నది. హస్తినాపురమున ధర్మరాజు రాజ్యమును, తమ్ములను, తన్ను, తుదకు ద్రౌపదిని ఒడ్డినపుడు సభలో దొర్లినవారు మావారే. నలమహారాజును కట్టుబట్టతో అడవికి వెడలగొట్టినవారును మావారే.

అయినను ఆ నలోపాఖ్యానములోనే మా వంశకళంకమును కడుగు ఘట్టమొకటి కలదు. ఋతుపర్ణమహారాజు రథముపై పోవుచు త్రోవలోని తాండ్రచెట్టు నొకదానిని చూచి, దాని ఆకులెన్నో కాయలెన్నో గణించి చెప్పి, సారథిగా నున్న నలునికి అక్షహృదయమను విద్య నుపదేశించెను. ఆ విద్య అలవడినంతనే నలుని పీడించుచుండిన కలి అతని దేహమును వీడి ఆ చెట్టు నాశ్రయించెను. జూదమను జ్వరమునకు మందు అదృష్టము కాదనియు, లెక్క తెలియుటయే యనియు మహాభారతము ఆనాడే చెప్పినట్లు నాకు తోచును. నా జీవితమంతయు ఆ మాటకు సాక్ష్యముగా నడచినది గనుకనే ఈ నాలుగు మాటలు చెప్పబూనితిని.

నేను జన్మించినది తాడ్వాయి అడవిలోని టేకుకొమ్మనుండి. వడ్రంగి యొకడు ఆ కొమ్మను కోసి, చిత్రికపట్టి, మూడు ఘనములుగా చెక్కి, ఒక్కొక్కదాని ఆరు ముఖములపై ఆఠీను, ఇస్పేటు, కళావరు, డైమను, కిరీటము, జెండా అను ఆరు బొమ్మలను రంగులతో దిద్దెను. ఆ మూటిలో నేనొకదానను. మమ్ము కొనినవాడు జాతరలవెంట తిరిగి పటము పరచి జూదమాడించువాడు. అవే ఆరు బొమ్మలు వేసిన గుడ్డ, మమ్ము వేసి కుదిపెడు రేకుడబ్బా, ఎల్లప్పుడు నవ్వుచుండెడి మొగము ఇవియే అతని పెట్టుబడి.

2012వ సంవత్సరపు సమ్మక్క సారలమ్మ జాతరకు అతడు మమ్ము గొనిపోయెను. మేడారము సామాన్యదినములలో కొలదిపాటి ఇండ్లుగల కోయపల్లె. వరంగల్లునకు సుమారు 100 కిలోమీటర్ల దూరమున అడవినడుమ నుండును. రెండేండ్లకొకమారు మాఘపౌర్ణమి సమీపించునప్పటికి ఆ అడవియంతయు మహానగరమగును. బుధవారమున కన్నెపల్లినుండి సారలమ్మ గద్దెకు వచ్చును. పూనుగొండ్లనుండి సమ్మక్క భర్త పగిడిద్దరాజు, కొండాయినుండి సారలమ్మ భర్త గోవిందరాజు వేంచేయుదురు. గురువారమున కోయ పూజారులగు వడ్డెలు చిలకలగుట్టనుండి కుంకుమభరిణెరూపమున సమ్మక్కను తోడ్కొని దిగివచ్చునపుడు పోలీసు అధికారి తుపాకిని ఆకాశమువైపు పేల్చి ఆ తల్లికి వందన మర్పించును. శుక్రవారమెల్ల మొక్కులు, శనివారమున దేవతల వనప్రవేశము. అచ్చట గోపురము లేదు, విగ్రహము లేదు; గద్దెలు, వెదురుకంకలు, పసుపుకుంకుమలు, జనులు బంగారమని పిలుచుచు తమ యెత్తు తూచి యర్పించు బెల్లము మాత్రమే యుండును. కరవుకాలమున కప్పము కట్టలేని ప్రజలపక్షమున నిలిచి కాకతీయ ప్రతాపరుద్రుని సేనల నెదిరించిన తల్లీబిడ్డల జాతర యది. ఓటమి నోర్వలేక సమ్మక్క కుమారుడు జంపన్న తన్ను తాను అర్పించుకొనిన సంపెంగవాగే నేడు జంపన్నవాగు. 1996లో ప్రభుత్వము దీనిని రాష్ట్రపండుగగా ప్రకటించెను.

అటువంటి పుణ్యస్థలమున, దుకాణముల వెనుక జనరేటరు దీపపు వెలుగు సగము పడుచోట, మావాడు పటము పరచెను. గురువారపురాత్రి మిరపతోటల కూలికి పోయివచ్చిన యువకు డొకడు వచ్చి కూర్చుండెను. అతని వ్రేళ్లకొనలు మిరప ఘాటునకు ఎఱ్ఱవారి యుండెను. నడుమున దోపుకొనిన నోట్లను అతడు తీయునపుడు ప్రక్కవానితో "అవ్వ ఎత్తు బంగారానికి తెచ్చిన పైసలివి. రెండింతలైతె తమ్మునిదిగూడ మొక్కు దీరుతది" అని చెప్పగా వింటిని. మొదటి పాటులో జెండా పడెను. రెండవ పాటులోను పడెను. అతని కన్నులలో వెలుగు కలిగెను. ఆ పిమ్మట పాటువెనుక పాటు నడచినది; నోట్లు ఒకటొకటిగా పటము నీవలినుండి ఆవలికి పోయినవి. నా యొక ముఖముపై జెండా బొమ్మ యుండెను; ఆ బిడ్డకొరకు దానిని పైకి త్రిప్పుదునన్న, త్రిప్పుకొను స్వాతంత్ర్యము నాకు లేకపోయెను.

తల్లి వెదకికొనుచు వచ్చెను. "బంగారం దొరకలేదా బిడ్డా?" అని యడిగెను. అతడు తల యెత్తలేదు. ఆమె పటమును చూచెను, అతని నడుమువైపు చూచెను, మఱి యేమియు నడుగలేదు. కొంగుముడి విప్పి చిల్లర లెక్కపెట్టుకొని, ఆ చిల్లరకు వచ్చిన చిన్న బెల్లపుముక్కను కొని, "తల్లి ఎత్తు జూడదు బిడ్డా, నడువు" అని అతని రెట్ట పట్టుకొని గద్దెలవైపు నడచిపోయెను.

ఆ యువకుని దురదృష్టమువలన అతని ధనము పోయినదని పదుగురును అనుకొనిరి. అది నిజము కాదు. మేము ముగ్గురము కలిసి పడు విధములు 216. వానిలో 125 విధములయందు ఆటగాడు కోరిన బొమ్మ ఒక్కటియు కనబడదు. 75 విధములయందు ఒకచోటను, 15 విధములయందు రెండుచోట్లను, ఒకే యొక విధమున మూడుచోట్లను కనబడును. ఒకటికి ఒకటి, రెంటికి రెండు, మూటికి మూడు రూపాయలు చొప్పున చెల్లించుటయే ఆట నియమము. కావున 216 రూపాయలొడ్డినవానికి గెలుపులవలన వచ్చునవి 108, ఓటములవలన పోవునవి 125. ఆ నడుమనున్న 17 రూపాయలు పటము పరచినవానివి. ఆరు గళ్లలోను సమానముగా రూపాయి చొప్పున పడినచో అతనికి నష్టము తెచ్చు పాటు ఆ 216లో ఒక్కటియైనను లేదు. అతడు మమ్ము మోసముతో వేయలేదు. ధర్మముగా వేసినను జనుల సొమ్ము అతనికే చేరునట్లు నియమమే యేర్పడి యుండెను. జూదములోని క్రూరత్వమంతయు పాచికలో లేదు, చెల్లింపులో నున్నది.

తెల్లవారుజామున పోలీసులు వచ్చిరి. పటమువాడు గుడ్డ చుట్టబెట్టుకొని పరుగెత్తగా నేను జారి జంపన్నవాగు ఇసుకలో పడితిని. స్నానమునకు దిగిన హనుమకొండ ఉపాధ్యాయు డొకరు పాదమునకు తగిలిన నన్ను తీసి, నీటిలో కడిగి, ఆరు ముఖములను త్రిప్పి చూచి జేబులో వేసికొనిరి. వారు లెక్కల మాస్టారు. ఆ దినమునుండి నా నివాసము పదవతరగతి గదిలోని సుద్దముక్కల పెట్టెప్రక్క. సంభావ్యతాధ్యాయము వచ్చినప్పుడెల్ల పిల్లలు నన్ను బల్లపై వేసి ఏ బొమ్మ ఎన్నిమారులు పడెనో గీతలు గీచి లెక్కింతురు. ఎవని ధనమును పోనందువలన ఆ గదిలో నేను పడు ప్రతిపాటును పిల్లలకు ఆనందమే. మా మాస్టారిలో నాకు ఋతుపర్ణుడు కనబడెను.

2022 ఫిబ్రవరిలో మాస్టారి మేనల్లుడు అమెరికాలోని న్యూజెర్సీనుండి తల్లి మొక్కు చెల్లించుటకు వచ్చెను. అతని ఎత్తు బంగారమును సమ్మక్కకు ఇచ్చెదనని ఆ తల్లి అతని చిన్ననాట మొక్కుకొని యుండెను. జాతర 16వ తేదీన ఆరంభము. 14వ తేదీ వేకువననే లేచి ఆ యువకుడు ఫోనులో లీనుడై యుండెను. అది అమెరికాలో 13వ తేదీ. వారి ఫుట్‌బాల్ క్రీడకు మహాపర్వమగు సూపర్ బౌల్ 56వ పోటీ కాలిఫోర్నియాలోని ఇంగిల్‌వుడ్‌లో జరుగుచుండెను. ఆ ఆట మనమెరిగిన ఫుట్‌బాల్ కాదు. కోలగానున్న బంతిని చేతబట్టి యోధులవలె ఒండొరుల నడ్డగించుచు ముందుకు సాగెడి క్రీడ. లాస్ ఏంజిలస్ రామ్స్ 23, సిన్సినాటి బెంగాల్స్ 20, రామ్స్ గెలిచిరి. అయినను అల్లుని మొగము వాడిపోయెను.

"మా టీమే గెలిచింది మామా. పైసలు మాత్రం పోయినయ్" అనెను.

"గెలిస్తె పైసలెట్ల పోతయ్‌రా?" అని మాస్టారు విస్మితులైరి.

అల్లుడు వివరించెను. పందెము తీసికొనువారు బలవంతమైన జట్టునకు ఒక భారమును తగిలింతురు. నాడు రామ్స్‌పై నున్న భారము నాలుగున్నర పాయింట్లు. వారి 23నుండి దానిని తీసివేసినచో మిగులునది పదునెనిమిదిన్నర. అది బెంగాల్స్ 20కి తక్కువ. కావున మైదానమున గెలిచినవారు పందెమున ఓడిరి. ఈ పద్ధతిని 1940ల ప్రాంతమున చికాగోలో ప్రచారమునకు తెచ్చినవాడు చార్లెస్ మెక్‌నీల్ అనియు, అతడును పూర్వము గణితోపాధ్యాయుడే యనియు చెప్పుదురు. ఆ మాట వినినపుడు మా మాస్టారు చాలసేపు మౌనముగా నుండిరి. ఒకే విద్య ఒకచోట పిల్లల కన్నులు తెరచుచు, వేరొకచోట పెద్దల కన్నులు కప్పుచున్నదికదా యని వారికి కలిగిన బాధ నాకు తెలిసినది.

"గెలిస్తె ఎంతిస్తరు?" అని పిమ్మట అడిగిరి. 110 డాలర్లు ఒడ్డి గెలిచినవానికి లాభము 100 మాత్రమే. మాస్టారు నన్ను తెచ్చి బల్లపై నుంచి, కాగితముపై లెక్క వేసిరి. ఇద్దరు చెరియొక పక్షమున 110 చొప్పున ఒడ్డిరి, చేరినవి 220. గెలిచినవానికి అసలుతోకూడ 210 ఇచ్చిరి, 10 మిగిలెను. ఆట ఎవరు గెలిచినను ఆ పదికి ఓటమి లేదు. 21 పందెములలో 11 గెలిచి 10 ఓడినవానికి వచ్చినవి 1100, పోయినవి 1100. అనగా ఓటములకంటె గెలుపులు ఎక్కువైనవానికిని దక్కునది సున్న. "నా టేకుముక్క మీద పదిహేడు, నీ ఫోనుల పది. పటం మారింది గని లెక్క మారలేదురా అల్లుడా" అనిరి మాస్టారు. అల్లుడు ఆ కాగితమును మడిచి దాచుకొనెను.

క్రీడావార్తలు సైతము ఈ లెక్కకు దాస్యము చేయుటయే నాకు మిక్కిలి దుస్సహము. ఒకప్పుడు హనుమకొండ టీదుకాణములో పత్రిక చివరి పుటను తెరచినవాడు ఎవరు బాగుగ ఆడిరో తెలిసికొని సంతోషించువాడు. నేడు అదే దుకాణమున కూర్చున్న యువకుడు ఆటగాని మోకాలు బెణికినదన్న వార్తను చదివి జాలిపడుటకు బదులు, దానివలన పందెపు ధర యెంత మారునని చూచుకొనుచున్నాడు. క్రికెట్టులో బంతిబంతికిని పందెము. అరచేతిలోనే పటము, అరచేతిలోనే డబ్బా. జాతర నాలుగుదినములకు ముగియును గాని ఈ పటమును చుట్టబెట్టు శనివారము రాదు.

ధర్మశాస్త్రములవలెనే నేటి శాసనములును దీనితో పెనగులాడుచునే యున్నవి. రమ్మీ ప్రధానముగా నైపుణ్యక్రీడ యని ఆంధ్రప్రదేశ్ వ్యాజ్యమొకదానిలో సుప్రీంకోర్టు 1967లో తీర్పు చెప్పెను. 1974 నాటి జూదచట్టమును తెలంగాణ ప్రభుత్వము 2017లో సవరించి ఆన్‌లైన్ పందెములనుగూడ నిషేధించెను. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పణముగా నాడెడి ఆన్‌లైన్ ఆటలను దేశమంతట నిషేధించుచు చట్టము చేసెను. అమెరికాలోనో ప్రవాహము ఎదురుదిశకు సాగినది; న్యూజెర్సీ రాష్ట్రము పోరాడగా, క్రీడాపందెములను అడ్డగించిన 1992 నాటి చట్టమును అచ్చటి సుప్రీంకోర్టు 2018 మే 14న కొట్టివేసెను; తరువాత 30కి పైగా రాష్ట్రములు వానిని అనుమతించినవి. చట్టము త్రోవలో గోడ కట్టగలదు. మనసులోని ఆశకు గోడ కట్టగలది వివేకమే.

ఆ వారమే మాస్టారు నన్ను జేబులో వేసికొని అల్లునితో మేడారమునకు పోయిరి. తక్కెడలో నొకప్రక్క అల్లుడు కూర్చుండగా రెండవప్రక్క బెల్లపుముద్దలు పేర్చిరి. ముల్లు నిలిచినది. అప్పు డతడు అడిగెను: "మామా, ఇది గూడ పందెమే గదా? పనైతె ఇంతిస్తమని తల్లితోని కాసుకునుడే గదా?"

"కాదురా" అని మాస్టారు చెప్పిరి. "పందెంల ఒకని గెలుపు ఇంకొకని కడుపుకోత. నువ్వు బతికి పెద్దగైనందుకు ఎవరన్న ఓడిపోయిన్రా? మీ అమ్మ ఇస్తున్నది నీ ఎత్తే; ఎక్కువ గాదు, తక్కువ గాదు. ఇచ్చినంక మళ్ల వస్తదని ఇస్తలేదు, వచ్చిందని ఇస్తున్నది."

నా జన్మలో నేను వినిన మాటలలో ఇంతకంటె గొప్పది లేదు. పందెము రాబోవుదానిపై ఆశతో ముందుగా ఒడ్డునది. మొక్కు వచ్చినదానికి కృతజ్ఞతతో పిమ్మట చెల్లించునది. పందెమున సొమ్ము పదిమందినుండి ఒకనికి చేరును. మొక్కున బెల్లము ఒకరినుండి పదిమంది నోళ్లకు ప్రసాదమై పోవును. మిరపతోట కూలివాని తల్లి అర్పించిన చిన్నముక్కయు, న్యూజెర్సీ యువకుని నిలువెత్తు బంగారమును ఆ గద్దెలపై ఒక్కటియే. పటముపై మాత్రము పేదవాని రూపాయియే ముందుగా హరించుకొనిపోవును, ఏలయన ఓటమిని తట్టుకొని మరల ఒడ్డుటకు అతనియొద్ద మిగులునది లేదు.

కావున ఓ యువకులారా, ఆటను ప్రేమింపుడు. గెలిచినవారి నైపుణ్యమునకు చప్పట్లు కొట్టుడు. ఓడినవారి శౌర్యమును మరువకుడు. పందెమునకు పిలిచినవా డెవడైనను, అది గుడ్డపటమైనను గాజుతెరయైనను, ఎవరు గెలిచినను మిగులు భాగము ఎవరికి చేరునని ముందుగా అడుగుడు. ఆ ప్రశ్న వేయ నేర్చినవానిని ఏ కలియు పీడింపజాలదు. పల్లెపల్లెలోని బడిలో నావంటి పాచిక యొకటి ఉండవలెననియు, ప్రతి బిడ్డయు రూపాయి ఒడ్డక మునుపే ఆ 216 విధములను తన చేతితో వ్రాసికొనవలెననియు నా కోరిక. నన్ను విసరవలసిన చోటు జాతరలోని పటము కాదు, తరగతిలోని బల్ల.