పాసుపుస్తకం మడతలో ఒక ఓటు

నేను షేరు పత్రాన్ని. మిర్చి, పత్తి రైతులు కలిసి పెట్టుకునే ప్రొడ్యూసర్ కంపెనీ ముద్ర నా మీద ఉంటుంది. ప్రత్తిపాడు నుంచి పర్చూరు దాకా నల్లరేగడి పల్లెల్లో, పట్టాదారు పాసుపుస్తకం మడతలో ఉండే కాగితాన్ని. రైతు పేరు, నంబరు, ముఖవిలువ నా మీద అచ్చయి ఉంటాయి. ఓటు అన్న మాట మాత్రం వెతికినా దొరకదు. నాకు ఓటుందా, ఎప్పుడుంటుంది, ఎప్పుడు పోతుంది అన్నదంతా కంపెనీ నియమావళిలో, సభ్యులు చదవకుండా తిప్పేసే నిర్వచనాల పేజీలో ఉంటుంది. కంపెనీ ఎవరిదో తేల్చేది ఆ పేజీయే. పంట పోయిన ఏడాది రైతు ఓటు కూడా పోయేలా ఆ పేజీ రాసుకుంటే, కంపెనీ రైతులదని చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

మా వంశంలో రెండు శాఖలున్నాయి. స్టాక్ మార్కెట్లో తిరిగే ఈక్విటీ షేరుకు 2013 కంపెనీల చట్టం 47వ సెక్షన్ ప్రకారం పోలింగ్ జరిగితే పెట్టిన మూలధనాన్ని బట్టి ఓటు. ఆ శాఖలోనూ అందరూ సమానం కాదు. 2008లో టాటా మోటార్స్ పది షేర్లకు ఒక ఓటు ఉండే రకాన్ని తెచ్చి, దానికి బదులుగా కాస్త ఎక్కువ డివిడెండు ఇచ్చింది. నేను రెండో శాఖ. వై.కె. అలఘ్ కమిటీ సిఫార్సుల మీద 2002లో అప్పటి కంపెనీల చట్టానికి చేసిన సవరణతో పుట్టాను. మా దగ్గర సభ్యులందరూ వ్యక్తులే అయితే ఎన్ని షేర్లున్నా మనిషికి ఒకటే ఓటు. సహకార సంఘంగా మొదలైన వడ్లమూడి సంగం డెయిరీ తర్వాత చేరింది ఈ శాఖలోకే. ఎక్కువ డబ్బు పెట్టినవాడికి ఇది అన్యాయం కాదా అని అడిగేవారున్నారు. అతని డబ్బుకు పరిమితమైన రాబడి ఉంది, తోలిన సరుకును బట్టి బోనసూ ఉంది. ధర ఎప్పుడు ఒప్పుకోవాలి, ఏ కోల్డ్ స్టోరేజీలో పెట్టాలి అన్న నిర్ణయాల్లో మాత్రం రెండెకరాల రైతుకు ఉన్న నష్టభయం ఇరవై ఎకరాల రైతుకున్న దానికంటే తక్కువేం కాదు.

అసలు చిక్కు మరోచోట ఉంది. ఓటును క్రియాశీల సభ్యులకే పరిమితం చేసుకునే వీలు చట్టం మాకిచ్చింది. ఎంత సరుకు, ఎంతకాలం ఇస్తే క్రియాశీల సభ్యుడో నియమావళే చెప్పాలి. ఏడాదికి ఇన్ని టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, అని ఒక అంకె రాసి ఊరుకుంటే ఏమవుతుంది? 2021 సీజన్లో నల్ల తామర పురుగు గుంటూరు, ప్రకాశం మిర్చి తోటల మీద పడింది. పూతలో చేరి రసం పీల్చేసింది. పూత రాలింది, కాయ నిలవలేదు, చేలకు చేలే దున్నేశారు. అలాంటి ఏడాది టిక్కీల అంకె పట్టుకుని కూర్చుంటే తోట దున్నేసిన రైతు క్రియాశీలుడు కాడు. అప్పుల వాయిదా గురించి, విత్తనం గురించి మహాజనసభ తేల్చాల్సిన ఏడాదే అతను చెయ్యెత్తలేడు. సభ్యత్వ అర్హత కూడా ఆ అంకెకే ముడిపెట్టి ఉంటే, నోటీసిచ్చి, అతని మాట విని, బోర్డు నన్ను వెనక్కి తీసుకోవచ్చు కూడా.

పెద్ద కంపెనీల అప్పు ఒడంబడికలు రాసే లాయర్లు ఈ ప్రమాదాన్ని ఎప్పుడో గుర్తించారు. మామూలు పరిస్థితుల్లో డైరెక్టర్లను ఎన్నుకునే హక్కున్న షేరే ఓటున్న షేరు అని వాళ్లు రాస్తారు. ఏదో సంఘటన వల్ల ఆ హక్కు కొంతకాలం ఆగినా అది ఓటున్న షేరుగానే లెక్క అని చాలాచోట్ల ఒక ముక్క జోడిస్తారు. రెండేళ్లు డివిడెండు అందక తాత్కాలికంగా ఓటు వచ్చే ప్రిఫరెన్స్ షేరు మాత్రం ఆ లెక్కలోకి రాదు. కంపెనీ ఎవరి చేతిలో ఉందో తేల్చడానికి శాశ్వతమైన హక్కునే చూడాలన్నది అందులోని తెలివి. కోట్ల అప్పిచ్చేవాడు తన కోసం రాయించుకునే ఆ ఒక్క ముక్కను మిర్చి రైతు తన కోసం ఎందుకు రాసుకోకూడదు?

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. యార్డులో కమీషన్ దుకాణం క్వింటాకు వంద ఎక్కువిస్తానంటే సరుకంతా అటు తోలి, సభకొచ్చి కంపెనీ మీద పెత్తనం చేసేవాళ్లకూ ఇదే రక్షణ దొరకదా? ఈ భయాన్ని నేను తోసిపుచ్చను. కంపెనీలు అలాగే చితికిపోతాయి. కానీ పంట లేనివాడినీ, పంట ఉండి బయట అమ్ముకున్నవాడినీ ఒకే గాటన కట్టనక్కర్లేదు. ఏ సర్వే నంబరులో ఏ పంట ఎంత వేశారో ఈ-క్రాప్ నమోదులో ఉంటుంది. ప్రభుత్వం పంటనష్టం రాసుకుంటే ఆ జాబితా కూడా ఊళ్లోనే ఉంటుంది. కంపెనీకి తోలిన సరుకుకు మూడు సీజన్ల సగటు తీసి, నష్టం నమోదైన సీజన్ని అందులోంచి తప్పిస్తే నిజంగా బయట అమ్ముకున్నవాడు దాక్కోలేడు. కౌలు రైతు సంగతీ అక్కడే తేల్చాలి. చట్టం ఉత్పత్తిదారుడిని చూస్తుందే కానీ భూమి పట్టాను అడగదు. కాబట్టి షేరు భూయజమాని పేర, టిక్కీలు కౌలుదారు పేర ఉండే ఏర్పాటుకు నియమావళి చోటివ్వకూడదు.

ఇంకో ముక్క కూడా రాయాలి. మన దగ్గర మిర్చి కోతలు జనవరి నుంచి ఏప్రిల్ దాకా సాగుతాయి, కంపెనీ లెక్కల ఏడాది మార్చి 31తో ముగుస్తుంది. ఫిబ్రవరిలో కంపెనీ ద్వారా కోల్డ్ స్టోరేజీకి చేరి, సెప్టెంబరులో అమ్ముడుపోయిన టిక్కీ ఏ ఏడాది సరుకు? లోడు దిగిన రోజున చేతికిచ్చిన రసీదు మీది తేదీనే లెక్కలోకి తీసుకోవాలని ఆ నిర్వచనంలోనే స్పష్టంగా రాయాలి.