ఎడమ నుంచి మూడో గొడుగు

డిసెంబరు 11 మా ఇంట్లో పండగా కాదు, తద్దినమూ కాదు. అయినా ఆ రోజు పొద్దున్నే మా అవ్వ నడవ గోడకున్న పటం దింపిస్తుంది. తడిగుడ్డతో అద్దం తుడిచి, పీట మీద గోడకు ఆనించి పెడుతుంది. ఇంట్లో ఉన్న పిల్లలందర్నీ పిలిచి వేలు ఆనించి చూపిస్తుంది.

"ఇదిగో, పై వరసలో ఎడమ నుంచి మూడోది. మీ తాత."

పటంలో ఉన్నది 1971 నాటి పేపరు ముక్క. గోధుమ రంగుకు తిరిగి, మడతల దగ్గర చిరిగిపోయింది. ఆకాశం నిండా పారాచూట్ గొడుగులు, ఒక్కోటీ శనగ గింజంత. వాటి కింద వేలాడే మనుషులు చీమ తలకాయలంత కూడా లేరు. చిన్నప్పుడు నేను అడిగేవాణ్ణి, "అన్నీ ఒకేలా ఉన్నాయి కదవ్వా, అది తాతేనని నీకెట్లా తెలుసు?" అని. "నాకు తెలుసు" అనేది. అంతే. ఇంకో మాట ఉండేది కాదు.

మాది గిద్దలూరు వైపు ఒక పల్లె. మా వైపు నుంచి పట్టాళానికి పోయినవాళ్లు చాలామందే. తాత సైన్యంలో నర్సింగ్ అసిస్టెంట్‌గా చేరి, తానే పేరిచ్చి పారాట్రూపర్ల వైద్య దళంలోకి మారాడు. ఆగ్రాలో శిక్షణ. మల్పురా మైదానం మీద ఐదుసార్లు దూకితే గానీ చొక్కా మీద రెక్కల బిళ్ల పెట్టుకోనివ్వరు. ఆ బిళ్ల ఇప్పటికీ అవ్వ పసుపు భరిణెలో ఉంటుంది.

తాత 1971 బంగ్లాదేశ్ యుద్ధం గురించి చెప్పింది తక్కువ. కలకత్తా వైపు నుంచి విమానాలు లేచాయట. డిసెంబరు 11 పొద్దుగూకే వేళకి, అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని టంగైల్ మీదికి చేరాయి. జమాల్‌పూర్ నుంచి ఢాకా వైపు వెనక్కి వస్తున్న పాకిస్తానీ సేనను దారిలో ఆపాలి, అందుకు పూంగ్లీ వంతెన పట్టుకోవాలి. 2 పారా దళం, దానికి కమాండరు లెఫ్టినెంట్ కల్నల్ కుల్వంత్ సింగ్ పన్ను. ఫిరంగులూ, జీపులూ, ఒక వైద్య బృందమూ దళంతోపాటే దిగాయి. కింద పొలాల్లోంచి రైతులు 'జై బాంగ్లా' అంటూ పరిగెత్తుకొచ్చి, చెల్లాచెదురుగా పడిన మూటలు నెత్తిన పెట్టుకుని మోశారని చెప్పేటప్పుడు మాత్రం తాత గొంతు మారేది. "నాకు భాష రాదు, వాళ్లకు నా భాష రాదు. మందుల పెట్టె మాత్రం నా వెనకే వచ్చింది" అనేవాడు. ఆ రాత్రికే వంతెన చేతికొచ్చింది. ఐదు రోజులకు, డిసెంబరు 16న, ఢాకాలో పాకిస్తానీ సేన లొంగుబాటు. ఢాకా నగరంలో మొదట అడుగుపెట్టిన భారత దళం కూడా ఈ 2 పారాయే.

భయం వేయలేదా తాతా అని అడిగితే, "తలుపు దగ్గర నిలబడ్డప్పుడు కాదురా, వరసలో వెనక నిలబడ్డప్పుడు" అనేవాడు. నేను పదో తరగతిలో ఉండగా పోయాడు.

యుద్ధానికి యాభయ్యో ఏడు వచ్చింది. 2021. ఆ ఏడాది పేపర్లలోనూ టీవీల్లోనూ ఎక్కడ చూసినా ఆ యుద్ధమే. తాత దూకిన చోటు గురించి కనపడిందల్లా చదువుతూ పోయాను. అలా చదువుతుంటే ఒకచోట నా కళ్లు ఆగిపోయాయి. ఆనాటి సైన్య ప్రజాసంబంధాల అధికారి రామ్మోహన్‌రావు తానే చెప్పిన సంగతి అది. టంగైల్‌లో దూకుతుండగా తీసిన ఫొటో ఒక్కటీ ఆయన చేతికి రాలేదు. అంతకు ముందు ఏడాది ఆగ్రాలో పారా బ్రిగేడ్ విన్యాసాలప్పుడు తీసిన ఫొటో ఆఫీసులో ఉంది. పాత ఫొటో అన్న ముక్క రాయకుండా దాన్నే పత్రికలకిచ్చేశారు. టంగైల్‌లో దిగింది ఒక్క దళం, ఆ ఫొటోలో కనపడేది అలాంటి దళాలు కొన్ని కలిసిన బ్రిగేడు. దిగింది ఐదు వేల మంది అని విదేశీ వార్తల్లో పుకారు లేచింది. ఢాకాలో ఉన్న పాకిస్తానీ జనరల్ నియాజీ గుండె జారడంలో ఆ బొమ్మకూ పాలుందంటారు.

లేచి వెళ్లి గోడ మీది పటం ముందు నిలబడ్డాను. ఇన్నేళ్లూ మేం వేలు పెట్టి చూసిన ఆకాశం టంగైల్‌ది కాదు. ఆ మూడో గొడుగు కింద ఉన్నది ఎవరో. తాత కాదనడానికి లేదు, అవుననడానికి అంతకన్నా లేదు. యుద్ధానికి పోయిన మనిషి కోసం మా అవ్వ అన్ని గొడుగుల్లో ఒకదాన్ని ఏరుకుని, అదే ఆయన అని నమ్మి బతికిందనుకున్నాను. కడుపులో దేవినట్టయింది.

చెప్పాలా వద్దా? వారం రోజులు అదే ఆలోచన. అవ్వకు డెబ్భై దాటింది. చెప్తే ఏమొస్తుంది? కానీ ఆ ఏడు మా అక్క పిల్లలు కూడా వచ్చి ఉన్నారు, రేపు బడిలో ఈ ఫొటో చూపించి చెప్పుకుంటారు, ఎవరో ఒకరు నవ్వుతారు. ఆ నవ్వు అవ్వ చెవిన పడేకంటే నా నోటితో చెప్పడమే మేలనిపించింది.

డిసెంబరు 11. పటం తుడవడం అయింది, పిల్లలు చూసి ఆటకు పోయారు. నేను అవ్వ పక్కన కూర్చున్నా. "అవ్వా, నేనొకటి చెప్తా, మనసు కష్టపెట్టుకోబాక" అన్నా.

అవ్వ నా మొహంలోకి చూసింది.

"ఈ ఫొటో ఆ రోజుది కాదంట. అంతకు ముందేడు ఆగ్రాలో..."

మాట పూర్తి కానివ్వలేదు. మోకాళ్ల మీద చెయ్యేసి లేచి లోపలికి పోయింది. ఏడవడానికి పోయిందనుకుని నన్ను నేను తిట్టుకున్నా. ట్రంకు పెట్టె మూత చప్పుడు వినపడింది. తిరిగొచ్చి పెళ్లి చీర మడతలోంచి తీసిన ఒక అట్ట ఫొటో నా చేతిలో పెట్టింది. అవే గొడుగులు. అదే ఆకాశం. పై వరసలో ఎడమ నుంచి మూడోదాని చుట్టూ సిరాతో సున్నా చుట్టి ఉంది. వెనక్కి తిప్పితే తాత దస్తూరీ: 'ఇది నేను. ఆగ్రా, 1970.'

"నాకు పోస్టులో పంపినాడు. ఎవరన్నా చూస్తే సిగ్గని పెట్టెలో పెట్టుకున్నా" అంది.

నాకు నోట మాట రాలేదు.

"పేపరొచ్చిన రోజు మీ ముత్తాత అరుగు మీద నిలబడి ఊరందరికీ చూపించినాడు. నా కొడుకు దిగినాడు, క్షేమంగా దిగినాడని బెల్లం పంచినాడు. మీ నాయన అప్పటికి నాకు ఏడో నెల. నేను లోపలికి పోయి పెట్టె తీసి, ఇదీ అదీ పక్కపక్కన పెట్టుకుని చూసినా." కొంగుతో అద్దం అంచు ఇంకోసారి తుడిచింది. "అందరూ బెల్లం తిన్నారు. ఆయన దిగినాడో లేదో ఆ ఫొటోకు తెలీదని నా ఒక్కదానికే తెలుసు. సంక్రాంతి దాటినాక గానీ ఆయన ఉత్తరం రాలా."

"మరి ముత్తాతకన్నా చెప్పకపోయావా?"

"పాత ఫొటో వేసినారంటే ఊరికే వేస్తారా? ఏందో పని మీదే వేసుంటారు. నేను నోరు జారితే ఒకరి నుంచి ఒకరికి పోదూ? ఆయన ఆడ ఉన్నాడు గదా."

"తాతకు తెలుసా?"

"సెలవుకొచ్చి ఈ పటం చూసి నవ్వినాడు. ఎవరికన్నా చెప్పినావా అన్నాడు. లేదన్నా. చెప్పబాక అన్నాడు."

"యాభై ఏళ్లయింది అవ్వా! వాళ్లే బయటపెట్టేశారు. ఇంకా దాచేదేముంది?"

"చెప్పొచ్చని ఆయన నాతో అనలా. అనకుండానే పోయినాడు." అట్ట ఫొటో నా చేతిలోంచి తీసుకుని చీర మడతలోకి తోసింది. "నువ్వు కాస్త మెల్లగా మాట్లాడు నాయనా. వీధి తలుపు తీసుంది."