గట్టుకీ పడవకీ నడుమ

నేను మురమళ్ళ దగ్గర వృద్ధ గౌతమి ఒడ్డున, గట్టుకీ పడవకీ నడుమ పరిచే బల్లని. యానాం–ఎదుర్లంక వంతెన వచ్చాక నా మీద అడుగులు తగ్గాయి కానీ నా బతుకంతా ఒక్కటే లెక్క: గట్టు ఎంత ఎత్తు, పడవ ఎంత పల్లం. పోటుకి నీరు ఉబికితే దాదాపు సమంగా ఉంటాను. పాటుకి తగ్గితే నిటారుగా దిగిపోతాను. పొద్దున ఎక్కగలిగిన మనిషే సాయంత్రం ఎక్కలేడు. మనిషి మారలేదు, కాలు మారలేదు. అశక్తత ఉన్నది వాలులో.

జట్టుగా మ్యూజియం చూడబోయేవాళ్ళ సంగతి రేవు బల్లకెందుకంటారా? పడవెక్కి చేరాల్సిన నాగార్జునకొండ మ్యూజియం ఉంది గనక. 1954 నుంచి 1960 దాకా తవ్విన లోయ నాగార్జునసాగర్ జలాశయంలో మునిగింది. ఇక్ష్వాకుల నాటి శిల్పాలు దీవి మీది మ్యూజియానికి చేరాయి. అక్కడికి విజయపురి సౌత్ నుంచి లాంచీలో వెళ్ళాలి. కాబట్టి ఆ మ్యూజియానికి మొదటి గడప దాని తలుపు దగ్గర లేదు, లాంచీ ఎక్కేచోట ఉంది. ఒక బడి జట్టులో నడవలేని పిల్ల ఉంటే, ఆ గడప దగ్గరే జట్టు రెండుగా చీలుతుంది. మిగతావాళ్ళు తిరిగొచ్చి చెప్పే కబుర్లే ఆమె చూసిన మ్యూజియం. ద్వారం దగ్గర ఒక చక్రాల కుర్చీ పెట్టి అందుబాటు కల్పించామంటే ఈ చీలిక పూడదు. బస్సు ఆగేచోటు, రేవు, మెట్లు, మరుగుదొడ్డి, కాసేపు కూర్చునే చోటు, అందరూ వచ్చేదాకా ఆగి చెప్పే గైడు, ఇవన్నీ ఒకే దారి. ఎక్కడ తెగినా జట్టు తెగుతుంది.

మనవాళ్ళు మంచివాళ్ళు, ఎత్తుకుని దింపేస్తారు కదా, అంటారు. ఆ చేతుల మంచితనాన్ని నేను కాదనను. కానీ ఎత్తి దింపడం కొబ్బరికాయల గంపకీ చేస్తారు. మనిషి నచ్చిన శిల్పం ముందు ఆగాలి, మళ్ళీ వెనక్కి వచ్చి చూడాలి; మోసేవాళ్ళ ఓపికను బట్టి సాగేది చూపు కాదు. తడి బల్ల మీద ఇద్దరు మూడో మనిషిని మోస్తుంటే కాలు జారడం ఎంత తేలికో నాకు తెలుసు. ప్రమాణం ప్రకారం అడుగు ఎత్తుకి 12 అడుగుల వాలుదారి కావాలి. రెండడుగుల గట్టుకి 24 అడుగులు. నేను అంత పొడవు లేను. నాలాంటి బల్లతో సరిపెట్టుకోమని నేనూ చెప్పను.

అలాంటివాళ్ళు ఎందరొస్తారని ఇంత ఖర్చు, అని ఇంకో ప్రశ్న. బల్ల వెయ్యని రేవులో దిగినవాళ్ళను లెక్కపెట్టి బల్ల అక్కర్లేదని తేల్చడం ఏం లెక్క? 2011 జనగణన దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులను లెక్కించింది. మోకాళ్ళ నొప్పుల ముసలమ్మా, చంటిబిడ్డ తల్లీ ఆ లెక్కలో లేరు, కానీ వాళ్ళకీ నేనే దారి. పురాతన కట్టడాల్లో మేకు దిగకూడదన్న అభ్యంతరం మాత్రం న్యాయమైనదే. అయితే నన్ను పరుస్తారు, తీసేస్తారు. గట్టు గట్టులాగే ఉంటుంది. శిల్పాన్ని తాకనివ్వలేకపోతే దాని నకలును తాకనివ్వవచ్చు. ఢిల్లీ నేషనల్ మ్యూజియం 2015లో చూపులేనివాళ్ళ కోసం అలాంటి గదినే తెరిచింది. ఇక ఇది దయతో చేసే పని అన్న మాట చెల్లదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఉంది. అందుబాటు ప్రమాణాలు సలహాలుగా ఉంటే చాలవు, తప్పనిసరి కావాలని సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తేల్చింది.

ఎవరొస్తున్నారో ముందే తెలుసుకోవడం మా ఊరికి కొత్త కాదు. వీరేశ్వరస్వామి నిత్యకల్యాణానికి పేరూ గోత్రమూ ముందే రాయిస్తారు. మ్యూజియం కూడా బడి జట్టుకు తేదీ ఇచ్చేటప్పుడే అడగాలి: చక్రాల కుర్చీలెన్ని, చూపులేనివాళ్ళెందరు, సైగభాష చెప్పేవాళ్ళు కావాలా అని. నాగార్జునసాగర్‌లో పోటూ పాటూ లేవు, కానీ వేసవికి నీరు దిగుతుంది. ఆ రోజు లాంచీ దగ్గర వాలు ఎంతుంటుందో ఆ జట్టుకు చెప్పాలి, బస్సు బయల్దేరకముందే.