మైక్ టెస్టింగ్

టెక్సాస్‌లో అమరిల్లో దాటాక బావమరిది రేడియోకి నోరు పడిపోయింది. చెవులు మాత్రం బాగానే ఉన్నాయి. పంతొమ్మిదో ఛానల్లో లారీవాళ్ల సోదంతా వస్తోంది. వెనక ట్రక్కులోంచి బావ తిట్టే తిట్లూ స్పష్టంగానే వస్తున్నాయి. ఇతను మైకు నొక్కి చెప్పే జవాబు మాత్రం బావకి చేరడంలేదు.

అమెరికాలో ట్రక్కుల పనిలో పంజాబీలు కొల్లలు, మనవాళ్లు అరుదు. ఆ అరుదైనవాళ్లలో ఒకడు ఈ గుంటూరు బావ. రెండు సెకండ్‌హ్యాండ్ ట్రక్కులు కొని, ఒకటి తను తోలుతూ రెండోది భార్య తమ్ముడి చేతిలో పెట్టాడు. ఇద్దరూ ముందూ వెనకా పోతూ సీబీ రేడియోలో తెలుగులో మాట్లాడుకుంటారు. జేబులో ఫోనుండగా ఈ పాత డబ్బా ఎందుకంటే, ముందు ఏ లేను మూసేశారో చెప్పేది ఎదురొస్తున్న ట్రక్కువాడు. వాడి ఫోను నంబరు మన దగ్గరుండదు కదా. 1973లో చమురు కరువొచ్చి, మరుసటేడు గంటకి 55 మైళ్ల కట్టడి పెట్టినప్పుడు, డీజిలు ఎక్కడుందో, పోలీసు ఎక్కడ నక్కాడో చెప్పుకోవడానికి లారీవాళ్లు దీన్ని నెత్తిన పెట్టుకున్నారు. 4 వాట్ల పవరు, 40 ఛానళ్లు, లైసెన్సు అక్కర్లేదు, నెలనెలా బిల్లు రాదు. బావ మనసు దోచింది ఆ చివరిదే.

ట్రక్ స్టాప్‌లో రెండు బళ్లూ ఎదురెదురు వరసల్లో ఆపారు. ఆగస్టు ఎండ. ఏసీ కోసం ఇంజన్లు ఆపలేదు. బావ టూల్‌బాక్సుతో బావమరిది క్యాబిన్ ఎక్కాడు.

"మాట వినపడుతోందంటే ఫ్యూజు బాగున్నట్టే. మైకు చూద్దాం," అన్నాడు. మైకు తీగ రింగులు తిరిగి ఉంటుంది కాబట్టి లాగి లాగి పిన్ను మొదట్లో లోపలే తెగుతుంది, పైకి కనపడదు. తన బండిలో మైకు తెచ్చి తగిలించాడు. మార్పు లేదు. వెనకాల యాంటెన్నా కేబులు మర ఊడదీసి, నడిమి తీగకీ పై వలకీ షార్టు లేదని మీటరు పెట్టి చూసి, మళ్లీ బిగించాడు. బిగించేదాకా మైకు ముట్టుకోవద్దని మరీ మరీ చెప్పాడు. యాంటెన్నా లేకుండా నొక్కితే పవర్ ట్రాన్సిస్టరు మాడిపోతుందని ఆయన భయం. అది నిజమే కానీ, ఆ భయంలో ట్రాన్సిస్టరు మీద ప్రేమ కన్నా షాపువాడి బిల్లు మీద బెంగే ఎక్కువ.

యాంటెన్నాకి పోయే సిగ్నలు కొలిచే ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు రేడియోకీ కేబులుకీ మధ్యలో పెట్టి మైకు నొక్కితే ముల్లు కదలలేదు.

"సిగ్నలే పుట్టడంలేదు. లేకపోతే ఈ మీటరే చచ్చిందో! ఇదీ సెకండ్‌హ్యాండేగా. నేను నా బండిలో కూర్చుని వింటాను. నువ్వు నొక్కినప్పుడు అక్కడ గరగర ఆగితే సిగ్నలు వస్తున్నట్టు, మాట ఒక్కటే రావట్లేదన్నట్టు. ఆపకుండా మాట్లాడుతూ ఉండు."

"ఏం మాట్లాడను బావా?"

"ఏదో ఒకటి ఏడువు."

బావమరిది అద్దాలెత్తుకుని, "మైక్ టెస్టింగ్, ఒకటి రెండు మూడు," అన్నాడు. ఎదురు క్యాబిన్లో బావ చెయ్యి అడ్డంగా ఊపాడు. పదమూడో ఎక్కం చదివాడు. మళ్లీ అడ్డంగానే ఊపాడు. ఎక్కం అయిపోయింది. ఎలాగూ పోని మాటే కదా అని కడుపులోది కక్కేశాడు.

"అక్క నగలమ్మి బళ్లు కొన్నావు. ఆ సంగతి మా నాన్నకి ఇప్పటికీ తెలీదు. నా మూడు నెలల జీతం నీ దగ్గరే మూలుగుతోంది. అడిగితే టైర్లంటావు. టైర్లన్నీ అరిగినవే! నాకు సర్దార్జీ కంపెనీలో పని ఖాయమైంది, బావా. ఈ లోడు దించేసి తాళాలు నీ మొహాన కొట్టి పోతాను. నీ పిసినారితనం..."

ఎదురుగా బావ చెయ్యి ఊపడం మానేసి, తన అద్దం దించుకుని శ్రద్ధగా చూస్తున్నాడు. కాఫీ పట్టుకుని పోతున్న ఓ డ్రైవరు ఇతని బండి ముందు ఆగి, గ్రిల్లుకేసి వింతగా చూసి నవ్వుకుంటూ పోయాడు. బండి వాలకం అలాంటిదని బావమరిది పట్టించుకోలేదు.

కాసేపటికి బావ వచ్చాడు. "రేడియోలో ఒక్క ముక్క రాలేదురా," అంటూ వంగి, వాల్యూమ్ పక్కనున్న చిన్న స్విచ్చిని వేలితో ఇటు నెట్టాడు. మైకు నొక్కాడు. మీటరు ముల్లు చటుక్కున లేచింది.

"అంతేనా బావా!"

"అంతే. పొద్దున తుడిచినప్పుడు నీ గుడ్డ తగిలుంటుంది. ఇటుంటే సీబీ, అటుంటే పీఏ. పీఏలో పడితే మాట గాల్లోకి పోదు, ఎలక్షన్ ఆటోకి కట్టినట్టు బయట కొమ్ము స్పీకర్లోంచి పోతుంది."

"మన బండికి అదెక్కడిది?"

"నాకూ ఇప్పుడే తెలిసింది. పాత ఓనరు గ్రిల్లు వెనక బిగించి వదిలేశాడు."

బావమరిది గొంతు తడారిపోయింది. "అది... పనిచేస్తోందా?"

"బ్రహ్మాండంగా." బావ మెట్టు దిగబోతూ ఆగాడు. "ఇంతకీ సర్దార్జీ మైలుకి ఎన్ని సెంట్లు ఇస్తానన్నాడ్రా? అదొక్కటీ చెప్పలేదు."